ఇంట్లో తెలుగు జపం, గుడిలో ఒడియా పూజ: పిల్లలకు సత్యోపదేశం ఏ భాషలో చెప్పించాలి?

నాగావళి ఒడ్డు (రాయగడ):

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మాది కతోలిక కుటుంబం. మా తాతగారు బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఒడిశాలోని రాయగడలో స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టి ఒడియా బడిలోనే చదువుకున్నాను. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు నిండాయి, వచ్చే పాస్కా (ఈస్టర్) కాలంలో మొదటి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం) స్వీకరించవలసి ఉన్నది. ఆదివారం పూజ ముగిశాక మా విచారణలో (పారిష్‌లో) ముప్పావు గంట సేపు సత్యోపదేశం, అంటే పిల్లలకు విశ్వాసం బోధించే తరగతి, జరుగుతుంది, బోధన అంతా ఒడియాలోనే. ఇంట్లో మాత్రం మా అమ్మ రోజూ దీపాలు పెట్టే వేళకు పిల్లలను చాప మీద కూర్చోబెట్టి తెలుగులో జపమాల చెప్పిస్తుంది.

మొన్న ఆదివారం అమ్మ, "ఈరోజు గుడిలో ఏమి చెప్పారే?" అని మనవరాలిని అడిగింది. పిల్ల "ఖ్రీష్టయాగ గురించి" అన్నది. ఒడియాలో దివ్యబలిపూజను అలా అంటారు. ఒడియాలో ఆ యకారాన్ని జకారంగా పలుకుతారన్న సంగతి సరిహద్దులో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. ఆ మాటకు అర్థమేమిటని నాయనమ్మ మళ్లీ అడిగితే, "క్రీస్తు జాగా, అంటే యేసయ్య ఉండే స్థలం" అని ధీమాగా చెప్పింది. ఇంటిల్లిపాదీ నవ్వాము కానీ, ఆ రాత్రి నేను ఆమెను మరికొన్ని మాటలు అడిగి చూశాను. మరియమ్మకు చేసే మంగళవార్త జపాన్ని తెలుగులో ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. "ఏలినవారు మీతో ఉన్నారు" అన్నచోట ఆపి, ఆ ఏలినవారు ఎవరని అడిగితే "ఎవరో పెద్దవాళ్లు" అన్నది. అంటే ఒడియాలో నేర్చుకున్నది తెలుగులోకి రావడం లేదు, తెలుగులో వల్లించినదానికి అర్థం ఏ భాషలోనూ తెలియడం లేదు.

మా విచారణలో సత్యోపదేశానికి వచ్చే తెలుగు పిల్లలు పదకొండు మంది ఉన్నారు. వారికి వేరుగా తెలుగు తరగతి పెట్టించమని విచారణ గురువులను అడిగాను. ఆయన కాదనలేదు, అవుననీ అనలేదు. "బోధించేవారిని మీరే చూసుకుని రండి" అన్నారు. వేరు తరగతి పెట్టడం మంచిదేనా? పెడితే ఏమి బోధించాలి? అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాత ఉపదేశి (పర్లాకిమిడి):

బాబూ, మీ అమ్మాయి చెప్పిన జవాబు పూర్తిగా తప్పు కాదు సుమా. పూజ జరిగే చోట ప్రభువు ఉంటారన్నది ఆమెకు తెలిసింది. 1910లో పదవ భక్తినాథ పోపుగారు పిల్లలను ఏడేళ్ల వయసు నుంచే దివ్యసత్ప్రసాదానికి చేర్చుకోవాలని ఆజ్ఞ ఇచ్చినప్పుడు, పసివారి నుంచి కోరిన తెలివి కొద్దిపాటిదే. విశ్వాసంలోని ముఖ్య రహస్యాలను తన వయసుకు తగినంతగా గ్రహించి, మామూలు రొట్టెకూ దివ్యసత్ప్రసాదానికీ ఉన్న తేడాను బిడ్డ ఎరిగి ఉంటే చాలునన్నారు. ఎన్ని జపాలు నోటికి వచ్చాయో లెక్కపెట్టి పిల్లలను వెనక్కు పంపే అలవాటు మన ఊళ్లలో తరువాత కూడా చాలాకాలం సాగింది. నేనూ ఆ పని చేసినవాడినే.

భాష సంగతికి వస్తాను. మా చిన్నతనంలో పూజ లాటిన్‌లో జరిగేది. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దైవార్చన గురించిన పత్రాన్ని ప్రకటించి దేశభాషలకు తలుపు తీసేదాకా, మా అమ్మకు గుడిలో వినిపించే మాటల్లో ఒక్కటీ అర్థమయ్యేది కాదు. అయినా ఆమెకు విశ్వాసం లేదని ఎవరూ అనలేరు. ఆమెకు విశ్వాసం నేర్పినవి ఇంటి జపాలు, ఉపదేశి గారు వారానికొకసారి వీధి అరుగు మీద కూర్చుని చెప్పిన కథలు. అందుచేత గుడి భాష ఒకటి, ఇంటి భాష ఒకటి కావడం మనకు కొత్త కాదు. ఇంట్లో అర్థం చెప్పేవారు లేకపోవడమే కొత్త.

మన పాత జపాల తెలుగు కష్టమైనదని నేనూ ఒప్పుకుంటాను. పరలోక జపంలో (ప్రభువు నేర్పిన జపంలో) "మా యొద్ద అప్పుబడిన వారిని మేము మన్నించునట్లు" అన్న మాటను నేను వివరిస్తూ ఉండగా, కిరాణా కొట్టు నడిపే ఇంటి కుర్రవాడు లేచి, "అయితే మా నాన్న ఖాతా పుస్తకం చింపేయాలా మాస్టారూ?" అని అడిగాడు. ఇరవై ఆరేళ్ల ఉపదేశి జీవితంలో నన్ను అంతగా ఇరుకున పెట్టిన ప్రశ్న మరొకటి లేదు. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, అప్పు అంటే ఏమిటి, తీర్చలేనివాడి బాధ ఎలా ఉంటుంది, మాఫీ చేసినవాడు ఏమి పోగొట్టుకుంటాడు అన్నదే మాట్లాడుకున్నాము. ఇటువంటి సంభాషణ బిడ్డకు ఇంటి భాషలోనే సాధ్యం. కాబట్టి తెలుగు తరగతి పెట్టండి అనే నా సలహా.

గుణుపూరు టీచరు:

ఉపదేశి మాస్టారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను వంశధార పక్కన ఉన్న ఒక విచారణలో తొమ్మిదేళ్లుగా సత్యోపదేశం చెబుతున్నాను, నా మాతృభాష కూడా తెలుగే.

ఈ చర్చలో ఒక సంగతి ఎవరికీ తట్టలేదు. ఒడియా మన పిల్లలకు మాత్రమే పరాయి భాష కాదు. మా తరగతిలో సగానికి పైగా సవర పిల్లలు, కొండ దిగి రెండు గంటలు నడిచి వచ్చేవారు కూడా వారిలో ఉన్నారు. వారికి ఇంట్లో సవర, బడిలో ఒడియా, సంతలో తెలుగు. ప్రభువు జపాన్ని వారు నేర్చుకున్నది కూడా మరొకరి భాషలోనే. తెలుగు పిల్లలకు వేరు గది ఇస్తే, సవర పిల్లలకు ఎందుకు ఇవ్వరని అడగడానికి వారి తల్లిదండ్రులు విచారణ సభలో లేరు, ఉన్నా నోరు విప్పరు. మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది కొట్లు, ఉద్యోగాలు ఉన్నవారు. వారంలో మిగిలిన ఆరు రోజులూ ఆ కొండ పిల్లవాడు మన కొట్టు గుమ్మం బయట నిలబడతాడు. మన పిల్ల, ఆ పిల్లవాడు ఒకే చాప మీద కూర్చునే చోటు ఆ ముప్పావు గంట సత్యోపదేశం ఒక్కటే. దానిని కూడా భాష పేరుతో విడదీయాలా?

తల్లిదండ్రులే పిల్లలకు మొదటి బోధకులని శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 774వ సూత్రం చెబుతున్నది. తెలుగులో అర్థం చెప్పవలసిన బాధ్యత ఇంటిది. ఆ బరువును విచారణ మీదకు నెట్టడం నాకు న్యాయంగా కనిపించడం లేదు.

బల్లార్షా (చంద్రపూర్ జిల్లా):

ఒడిశా వైపు మీ చర్చను ఆసక్తితో చదువుతున్నాను. మా పరిస్థితి మరింత చిక్కుగా ఉంటుంది. బొగ్గు గనులు, కాగితపు మిల్లు, రైల్వే పనుల కోసం కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన తెలుగువారు బల్లార్షాలో చాలామంది ఉన్నారు, వారిలో కతోలికులు కొద్దిమంది. మా చందా మేత్రాసనం (బిషప్పు గారి పాలనా ప్రాంతం) కేరళలో పుట్టిన తూర్పు సంప్రదాయమైన సిరో మలబారుకు చెందినది. 1962లో మొదలై 1977లో మేత్రాసనమైంది, 1999లో దాని నుంచి ఆదిలాబాద్ విడిపోయింది. నేను పుట్టింది లాటిన్ సంప్రదాయంలో. మాకు తపస్సు కాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు) విభూది బుధవారంతో మొదలైతే, ఇక్కడ సోమవారమే విభూది పెడతారు. మొదటి ఏడాది నేను బుధవారం ఉదయం గుడికి వెళ్లి తాళం చూసి తిరిగి వచ్చాను.

మా అబ్బాయి మరాఠీలో ఆడుకుంటాడు, హిందీలో సత్యోపదేశం వింటాడు, మాతో తెలుగులో మాట్లాడతాడు. వేరు తరగతి పెట్టేంతమంది తెలుగు పిల్లలు మాకు లేరు కాబట్టి ఆ ప్రశ్న మాకు పుట్టలేదు.

ఒక ఆచరణ విషయం మాత్రం చెప్పి ముగిస్తాను. తూర్పు సంప్రదాయంలో జ్ఞానస్నానంతో పాటే భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) కూడా ఇస్తారు. మా బంధువుల అమ్మాయికి ఇక్కడ పసితనంలోనే రెండూ ఇచ్చారు, తరువాత వారు తెలంగాణకు తిరిగి వెళ్లినప్పుడు ఆమెను పదమూడో ఏట అభ్యంగనం తరగతిలో మళ్లీ కూర్చోబెట్టారు. జ్ఞానస్నాన పత్రం తెప్పించి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మలేదు. ఆ సంస్కారాన్ని రెండోసారి ఇవ్వకూడదు. సరిహద్దు దాటి మారేవారు ఆ పత్రాన్ని దగ్గర ఉంచుకోవడం మేలు.

నాగావళి ఒడ్డు (రాయగడ):

టీచరు గారి మాట నాకు గట్టిగానే తగిలింది. సవర పిల్లల సంగతి నేను ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను. కాకపోతే, ఇంటిదే బాధ్యత అన్నప్పుడు ఆ ఇల్లు ఎలా ఉంటుందో కూడా చూడాలి. నాకు వారంలో మూడు రాత్రులు మిల్లులో డ్యూటీ. నా భార్య ఒడియా కుటుంబం నుంచి వచ్చింది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. అమ్మకు జపాలన్నీ కంఠతా వచ్చు, అర్థం చెప్పమంటే "అలా అడగకూడదు, చెప్పాలంతే" అంటుంది. ఇక బోధించేదెవరు?

మరొక సందేహం. పిల్లకు మొదటి పాపసంకీర్తనం (గురువు దగ్గర తప్పులు ఒప్పుకోవడం) కూడా ఈ తపస్సు కాలంలోనే. మా విచారణ గురువులకు తెలుగు కొద్దిగా అర్థమవుతుంది, మాట్లాడలేరు. ఏడవడం, భయపడడం, అబద్ధం చెప్పడం వంటివన్నీ ఆమె తెలుగులోనే చేస్తుంది. మరి తప్పులు ఒడియాలో చెప్పుకోవాలా?

పాత ఉపదేశి (పర్లాకిమిడి):

ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. పాపసంకీర్తనం ఎవరి దగ్గర చేయాలన్నది కూడా విశ్వాసి ఇష్టమే, 991వ సూత్రం ఆ స్వేచ్ఛను ఇస్తుంది. తెలుగు వచ్చిన గురువులు పండుగ ముందు పార్వతీపురం వైపు నుంచి వస్తే వారి దగ్గరకు తీసుకువెళ్లండి. చాలామందికి తెలియని ఇంకొక వెసులుబాటు కూడా ఉన్నది: 990వ సూత్రం ప్రకారం దుబాసీ ద్వారా పాపసంకీర్తనం చేయడానికి కూడా అడ్డు లేదు, ఆ దుబాసీ కూడా విన్నదానిని రహస్యంగా ఉంచడానికి బద్ధుడు. అయితే ఎనిమిదేళ్ల బిడ్డకు ఆ అవసరం రాదు. గురువుకు కొద్దిగా తెలుగు అర్థమైతే చాలును. పిల్ల తెలుగులో చెబుతుంది, ఆయన ఒడియాలో ఓదారుస్తారు, పాపవిమోచనం ఇస్తారు.

టీచరమ్మా, మీరు చెప్పిన చాప సంగతి రాత్రంతా నా మనసులో తిరిగింది. నాకు పాతికేళ్ల అనుభవం ఉన్నదని గర్వపడతాను గానీ, నా తరగతిలో ఎవరి ఇంటి భాష ఏమిటో ఒక్కసారీ రాసి పెట్టుకోలేదు. 2021 మే నెలలో పోపు ఫ్రాన్సిస్ గారు ఉపదేశి సేవను శ్రీసభలో ఒక స్థిరమైన పరిచర్యగా నెలకొల్పారు. ఆ వార్త విని మా ఊరిలో నాకు దండ వేశారు. సైకిలు టైరు మాత్రం నేనే మార్చుకున్నాను.

పాటల బృందం (జయపురం):

తరగతి గురించే అందరూ మాట్లాడుతున్నారు. వారానికి ముప్పావు గంటతో ఏ బిడ్డ విశ్వాసమూ రూపుదిద్దుకోదు. మిగిలిన వారం ఎలా గడుస్తున్నది?

మా విచారణలో బుధవారం సాయంత్రం నిత్యసహాయమాత నవదిన జపం ఉంటుంది. ఆ రోజు ఒక పాట తెలుగులో పాడడానికి ఏడేళ్ల క్రితం అనుమతి తీసుకున్నాము. తపస్సు కాలపు శుక్రవారాలలో సిలువ మార్గం పద్నాలుగు స్థలాలలో కొన్ని ఒడియాలో, కొన్ని తెలుగులో చదువుతాము, మూడు స్థలాలను కుయి (కోంధుల భాష) మాట్లాడే ఒక కుటుంబం తమ భాషలో చెబుతుంది. అక్టోబరులో జపమాల ఇంటింటికీ తిరుగుతుంది. ఎవరి ఇంట జపమైతే వారి భాషలోనే నడుస్తుంది, మిగిలినవారు తమ భాషలో బదులు చెబుతారు. మొదట వినడానికి కలగాపులగంగా ఉన్నది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఒడియా మంగళవార్త జపానికి తెలుగులో, తెలుగు జపానికి ఒడియాలో తడుముకోకుండా బదులిస్తారు.

దీనికంటే పనికివచ్చినది మరొకటి ఉన్నది. ఆదివారం పఠనాలు లాటిన్ సంప్రదాయంలో ప్రపంచమంతటా ఒక్కటే, మూడేళ్ల చక్రంలో మత్తయి, మార్కు, లూకా సువిశేషాలు వంతులవారీగా వస్తాయి. కాబట్టి రేపు గుడిలో ఒడియాలో వినబోయే సువిశేషాన్ని ఈ రోజు సాయంత్రమే ఇంట్లో తెలుగులో చదువుకోవచ్చు. శనివారం రాత్రి భోజనానికి ముందు మా ఇంట్లో పది నిమిషాలు ఆ పనికే. మరునాడు పీఠం దగ్గర నుంచి ఒడియా వినిపించినప్పుడు, "ఇది నాకు తెలిసిన కథే" అన్నట్టు పిల్లల మెడలు లేస్తాయి. దీనికి వేరు గది అక్కరలేదు, పాఠ్యపుస్తకం అక్కరలేదు.

బల్లార్షా (చంద్రపూర్ జిల్లా):

మంచి ఉపాయమే, కానీ మా వైపు అది పనిచేయదు. సిరో మలబారు పఠనాల పట్టిక వేరు, కాలాల పేర్లే వేరు. హైదరాబాదులో ఉన్న మా అక్కయ్య పంపే ఆదివారపు సువిశేషం ఒకటి, ఇక్కడ గుడిలో వినేది మరొకటి. ఇక్కడి పట్టిక సంపాదించి, అందులోని భాగాన్ని తెలుగు బైబిలులో వెతుక్కోవాలి. అయినా ఈ శనివారం నుంచి ప్రయత్నిస్తాను.

కోరాపుట్ కుర్రాడు (ఇప్పుడు విశాఖపట్నం):

పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించండి. మీరు చర్చిస్తున్న పిల్లల్లో నేనూ ఒకడిని. కోరాపుట్‌లో ఒడియాలో సత్యోపదేశం విన్నాను, ఒడియాలోనే అభ్యంగనం పొందాను, ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చాను. ఇక్కడ మొదటి ఆదివారం తెలుగు పూజలో అందరూ గడగడా బదులు చెబుతుంటే, సొంత భాషలో మూగవాడినై నిలబడ్డాను. ఆ తరువాత మూడు నెలలు పూజకే వెళ్లలేదు. సిగ్గు తప్ప మరో కారణం లేదు.

తిరిగి వెళ్లడానికి దారి చూపినది తరగతిలో నేర్చుకున్నది కాదు. హాస్టలు గదిలో ఒక రాత్రి జ్వరంతో పడి ఉన్నప్పుడు, మా అమ్మమ్మ చెప్పే "పాపాత్ములమై ఉండెడు మా కొరకు ఇప్పుడును మా మరణ సమయమందును" అన్న ముక్క దానంతట అదే నోటికి వచ్చింది. దాని అర్థం నాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. అర్థం తెలియని మాటలు వల్లింపజేయడం వృథా అని ఎవరికైనా అనిపించవచ్చు, నేను ఆ మాట అనలేను. కానీ ఆ మాటలు తప్ప తెలుగులో నాకు విశ్వాసం గురించి మాట్లాడే మరో మాట లేకపోయింది. స్నేహితుడు దివ్యసత్ప్రసాదం అంటే ఏమిటని అడిగితే ఇంగ్లీషులోకి పారిపోయాను.

గుణుపూరు టీచరు:

తమ్ముడూ, నీ మాట చదివాక నా వాదంలో ఒక పక్క బలహీనంగా ఉన్నదని అర్థమైంది. వేరు గదికి నేను ఇప్పటికీ వ్యతిరేకినే. అయితే ఒకే చాప మీద మూడు భాషలు ఎందుకు కూర్చోకూడదు? వచ్చే ఆదివారం నుంచి నేను ఒక పని చేసి చూస్తాను. పాఠంలో వచ్చిన ముఖ్యమైన మాట ఒక్కదానిని నల్లబల్ల మీద ఒడియాలో రాసి, "మీ ఇంట్లో దీనిని ఏమంటారో అడిగి రండి" అని పంపిస్తాను. సవర మాట నాకు తెలియదు కాబట్టి, ఆ పిల్లలే నాకు చెప్పవలసి ఉంటుంది.

నాగావళి ఒడ్డు (రాయగడ):

ఐదు వారాల తరువాత రాస్తున్నాను. టీచరు గారి పద్ధతిని మా విచారణ గురువులకు వివరించాను. తరగతిని విడదీయనక్కరలేదని తెలియగానే ఆయన ముఖం తేలికపడింది. మా ఒడియా ఉపదేశి గారు మొదట పాఠం వెనకబడుతుందని గొణిగారు. నిజంగానే రెండు పాఠాలు వెనకబడ్డాయి.

మొదటి వారం ఇచ్చిన మాట ఖ్రీష్టయాగ. మా అమ్మాయి దానిని పుస్తకంలో ఒడియా లిపిలో రాసుకుని వచ్చింది. ఒడియా చదవడం రాని అమ్మకు నేను ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా చూపించి, ఇది పలకడంలో జ అయినా మూలంలో య అని చెబితే, "యాగమా! బలిపూజ అని చెప్పవేం మరి!" అన్నది. పిల్లకు యాగం అంటే ఏమిటో, బలి అంటే ఏమిటో, మన పూజలో బలి ఎవరో నాయనమ్మే చెప్పింది. ఇన్నేళ్లలో అమ్మ ఒక మాటకు అర్థం చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

మూడో వారం మాట ప్రభు. ఒడియా తరగతిలో పిల్లకు ఆ మాట మొదటి నుంచీ బాగా తెలుసు. ఆ సాయంత్రం జపమాల మధ్యలో "ఏలినవారు మీతో ఉన్నారు" దగ్గరకు వచ్చేసరికి ఆగి, "నాయనమ్మా, ఏలినవారు అంటే ప్రభువేనా?" అని అడిగింది. జపం మధ్యలో మాట్లాడినందుకు అమ్మ కసిరి, రహస్యం (జపమాలలో పది జపాల భాగం) పూర్తయ్యాక అవునన్నది.

శనివారం సువిశేషం చదవడం కూడా మొదలుపెట్టాము, డ్యూటీ ఉన్న వారాల్లో నా భార్య ఒడియాలో చదువుతున్నది. పాపసంకీర్తనం వచ్చే గురువారం. ఏ భాషలో చెప్పుకుంటావని అడిగితే, అది ఫాదర్ గారికి, తనకు మధ్య సంగతి అన్నది.

టీచరు గారికి ఒక ప్రశ్న. మా తరగతిలో ఇద్దరు సవర పిల్లలు తెచ్చిన మాట ఒక్కటే గాని, ఇద్దరూ రెండు రకాలుగా పలికారు. ఒడియా లిపిలో ఎలా రాయాలో మా ఉపదేశి గారికి తోచక, ఆ గడి ఖాళీగా వదిలేశారు. మీ దగ్గర దానిని ఎలా రాయిస్తున్నారు?